గింజల మూట గుడ్డ ఇద్దరికీ ఉమ్మడిగా

ఫిబ్రవరి నెల ఎనిమిదో తేదీ, శనివారం నాడు రాయడం మొదలుపెట్టిన వీలునామా.

స్టేషను క్యాంటీన్లో కూరగాయలు తరిగే ఆమె కూతురిని, ప్లీడరు గారి ఆఫీసులో టైపిస్టుని, మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని, ఇరవై ఆరేళ్ల దానిని అయిన నేను, ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి మాటలకూ లోబడకుండా, తెలివిలో ఉండి, స్థిరమైన మనసుతో, నా తదనంతరం నా వస్తువులు ఎవరికి చేరాలో ఇందులో రాస్తున్నాను.

స్థిరమైన మనసు అన్న మాట ఊరికే రాయలేదు. ఇలాంటి కాగితాలు వారానికి రెండో మూడో నా చేతి మీదుగానే టైపవుతాయి. ఆ మాట కొట్టేటప్పుడు అవతలివాళ్ల మనసు నిజంగా ఎలా ఉందో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఈరోజు నాది మాత్రం స్థిరంగానే ఉంది. నా పొత్తికడుపులోంచి తీసిన గడ్డ గురించిన పరీక్ష కాగితం నిన్న మధ్యాహ్నం వచ్చింది. డాక్టరు గారు రెండుసార్లు చదివి, "ఇది ఏ హానీ చెయ్యని గడ్డమ్మా, ఇంటికెళ్లి కడుపునిండా తిను" అన్నారు. కాబట్టి ఇది చావు భయంతో రాసిన కాగితమని రేపు ఎవరూ అనడానికి వీల్లేదు. బతుకుతానని తెలిసిన మర్నాడు, కిటికీ పక్కన కూర్చుని, టీ తాగుతూ రాస్తున్నది.

1. మొదటి వీలునామా రద్దు

ఆపరేషనుకు ముందురోజు ఆసుపత్రి మంచం మీద, రక్తపరీక్ష చీటీ వెనక పెన్సిలుతో నేను రాసిన నాలుగు వాక్యాల వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులో ఉన్నది ఇంతే: ఉన్నదంతా అమ్మకి. ఆ రోజు గుడ్డ ఉతికింది నేనే. పిన్నిది తప్పు కాదు. అమ్మదీ కాదు.

దాని మీద సాక్షుల సంతకాలు లేవు కనుక చట్టం ముందు అది ఎలాగూ నిలవదు. రద్దు చేస్తున్నది అందుకు కాదు. అమ్మా, పిన్నీ సొంత అక్కచెల్లెళ్లు. పదకొండేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. దానికి కారణం నేను. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను పోయాక తెలిస్తే చాలనుకున్నాను, అప్పుడు నన్ను తిట్టలేరు కదా అని. వాళ్లిద్దరికీ చదవడం రాదు. నా చీటీ పట్టుకుని ఏ నర్సునో బతిమాలి చదివించుకుని, అప్పుడు ఎవరి మీద కోప్పడాలో తెలియక నిలబడి ఉండేవాళ్లు. నేను చెయ్యబోయిన పని అది. ఆ చీటీ చింపేశాను.

2. అమలు జరిపేవారు, సాక్షులు

ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా ప్లీడరు గారిది. అడిగినప్పుడు ఆయన కళ్లద్దాలు తీసి, "ఇరవై ఆరేళ్లకి వీలునామా ఏమిటమ్మా, పంచడానికి నీ దగ్గర ఏముందని?" అన్నారు. ఒక గుడ్డముక్క ఉంది సార్ అన్నాను. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. సరే రాయమన్నారు.

ఆయన దగ్గర నేను మొదటి నెలలోనే నేర్చుకున్న నియమం ఒకటుంది. వీలునామాలో ఎవరికి ఏది రాసినా, వాళ్లు దానికి సాక్షులుగా ఉండకూడదు. ఉంటే వాళ్లకి రాసింది వాళ్లకి దక్కదు. కనుక సాక్షులుగా మా ఆఫీసు పెద్ద గుమాస్తా గారినీ, మా మేడమీద ఉండే నర్సునీ అనుకున్నాను. అందుకే వాళ్లిద్దరికీ ఇందులో ఏమీ రాయడం లేదు. పెద్ద గుమాస్తా గారు నొచ్చుకోరు. మూడేళ్లుగా నా కాగితాల మీద ఆయన గీసిన ఎర్రసిరా గీతలన్నీ కలిపితే మా వీధి చివరిదాకా వస్తాయి. ఆయన నాకు ఇవ్వాల్సింది అప్పుడే ఇచ్చేశారు.

3. జరిగిన చోటు, హద్దులతో

మా వంటగది. అద్దె ఇల్లు కనుక దాన్ని ఎవరికీ రాసిచ్చే హక్కు నాకు లేదు. ఏడో పేరా అర్థం కావాలంటే హద్దులు తెలియాలి కనుక రాస్తున్నాను.

తూర్పు: కిటికీ, దాని ఊచ నుంచి బయట పక్కింటి మేకుదాకా కట్టిన గుడ్డలారేసే తీగ.
పడమర: గుమ్మం.
ఉత్తరం: స్టవ్వు గట్టు, దాని మీద పెద్ద గుండిగ.
దక్షిణం: మూతి సొట్టపోయిన రేకుడబ్బా. నేను పదో తరగతిదాకా చదివింది దాని మీద కూర్చునే.

ఈ నాలుగు హద్దుల మధ్య అమ్మా, పిన్నీ కలిసి ఆరు చలికాలాలు నారింజ జాం చేశారు. చెయ్యడం అమ్మకి నేర్పింది స్టేషను క్యాంటీన్లో అప్పటి పెద్ద వంటాయన. ఆయన దాన్ని మార్మలేడ్ అనేవాడు. మా ఇంట్లో అది నారింజ జామే. నా స్కూలు ఫీజు, యూనిఫారం, జ్యామెట్రీ బాక్సు, అన్నీ ఆ గుండిగలోంచే వచ్చాయి. అమ్మ తెల్లవారకముందే క్యాంటీనుకు వెళ్లి మధ్యాహ్నం రెండింటికి వచ్చేది. పిన్ని పొద్దున్న ఇంట్లో ఉండి, పన్నెండు కొట్టగానే లాండ్రీలో ఇస్త్రీకి వెళ్లేది. పన్నెండు నుంచి రెండుదాకా ఇంట్లో ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఒకరు మొదలుపెట్టిన పని ఇంకొకరు అందుకోవాలి, చీటీ రాసి పెట్టుకుందామంటే ఇద్దరికీ అక్షరం రాదు. అందుకని గుర్తులు పెట్టుకున్నారు. గుండిగ మూత మీద చెంచా బోర్లించి ఉంటే పంచదార వేశామని. వెల్లకిలా ఉంటే ఇంకా వెయ్యలేదని. సీసాల బుట్ట గుమ్మంలో ఉంటే ఎవరో ఆర్డరు ఇచ్చారని. తీగ మీద గుడ్డ ఆరేసి ఉంటే గింజల మూట పిండటం అయిపోయిందని.

4. నారింజ జాం నోటుపుస్తకం

నీలం అట్ట ఉన్న ఈ నోటుపుస్తకం పిన్ని కూతురికి, అంటే మేమంతా బుడంకాయ అని పిలిచే నా చెల్లెలికి. దానికిప్పుడు తొమ్మిదేళ్లు. మా ఇళ్లలో చదువుకుంటున్న రెండో మనిషి. అమ్మా, పిన్నీ ఒకరినొకరు పిలుచుకోవడం అది పుట్టాక ఎన్నడూ వినలేదు.

అందులో ఉన్నదాని సారాంశం: తొక్క మందంగా, గరుకుగా ఉన్న పుల్ల నారింజలు తీసుకోవాలి. రసం పిండి పక్కన పెట్టాలి. గింజలూ, లోపలి తెల్లటి పొరా పారెయ్యకూడదు. వాటిని పల్చటి నూలుగుడ్డలో మూటకట్టి, సన్నగా తరిగిన తొక్కతోపాటు నీళ్లలో ఒక రాత్రి నాననివ్వాలి. మర్నాడు రసం కలిపి, మూట అందులోనే ఉంచి, తొక్క రెండు వేళ్ల మధ్య నలిగేదాకా ఉడికించాలి. ఉడకని తొక్కకి పంచదార తగిలితే అది ఇక జన్మలో మెత్తబడదు. చల్లారాక మూటని చేతులతో గట్టిగా పిండాలి. పిండితే గంజిలాంటి జిగట వస్తుంది. జాం గడ్డకట్టేది ఆ జిగట వల్లే. తర్వాత పంచదార వేసి పెద్దమంట మీద మరిగించి, చల్లటి పళ్లెంలో ఒక చుక్క వేసి వేలితో తోస్తే ముడత పడాలి. ముడత పడితే అయిందన్నట్టు.

బుడంకాయకి ఒక్క మాట. బడిలో కొత్త సంగతి ఏదైనా నేర్చుకుని ఇంటికొచ్చి, ఇంట్లో ఏదైనా మురికిగా కనిపిస్తే, తీసి పారేసే ముందు ఇది ఎందుకుంది అని అడుగు.

5. అమ్మకి

మొదటి జీతంతో నేను కొన్న పన్నెండు గాజుసీసాలు, మూతలతో సహా. మూడేళ్లుగా అలమారలో ఖాళీగా ఉన్నాయి. "ఏం వేస్తావే వీటిల్లో, గాలా?" అని అడిగావు. నువ్వు జాం చేసి పదకొండేళ్లయింది. నీ దగ్గర మిగిలిన గుండిగలో ఇప్పుడు నీళ్లు పట్టిపెడుతున్నావు. నా ఎలక్ట్రిక్ తూకం కూడా నీకే. దాన్ని నువ్వు వాడవని తెలుసు. అరచేతిలో పంచదార ఎత్తి చూసి నువ్వు చెప్పిన బరువు ఆ తూకం మీద ఎన్నిసార్లు పెట్టి చూశానో, ఒక్కసారి కూడా నిన్ను తప్పుపట్టలేకపోయాను.

6. పిన్నికి

లాండ్రీలో పొద్దంతా నిలబడి ఇస్త్రీ చేసేచోట కాళ్లకింద వేసుకోవడానికి మందపాటి రబ్బరు పట్ట. కొనిపెట్టి రెండు నెలలైంది, ఇవ్వలేదు. ఏమిటే సందర్భం అని అడుగుతుందని. ఇక పెద్ద చెక్క తెడ్డు ఎటూ దాని దగ్గరే ఉంది. ఇల్లు విడిచి వెళ్లినప్పుడు గుండిగ అమ్మకి, తెడ్డు తనకి అని పంచుకున్నారు. దాంతో ఇప్పుడు పిన్ని బట్టలకి గంజి కలుపుతుంది. అది నాది కాదు కనుక దాని గురించి నేనేమీ రాయలేను.

7. గుడ్డ

నా స్కూలు పెట్టె అడుగున, పాత అట్లాసు మడతల్లో ఉన్న తెల్ల నూలుగుడ్డ, సుమారు రెండడుగుల చదరం, ఒక మూల చిన్న చిరుగు. దీన్ని అమ్మకీ, పిన్నికీ ఉమ్మడిగా, సమాన హక్కులతో, చింపి పంచుకోవడానికి వీల్లేకుండా ఇస్తున్నాను. దీని చరిత్ర ఇది.

నాకు పదిహేనేళ్లు. బస్టాండు ఎదుటి హోటలు నుంచి అరవై సీసాల ఆర్డరు వచ్చింది. అంత పెద్దది అంతకుముందు ఎప్పుడూ రాలేదు. సీసాల బుట్ట గుమ్మంలో నాలుగు రోజులు ఉంది, దాన్ని దాటుకుంటూ నడిచాం. శనివారం పొద్దున్న పిన్ని తొక్కలు ఉడికించి, మూట వేడిగా ఉండటంతో పిండకుండా గుండిగలోనే వదిలి, మూత పెట్టి, చెంచా వెల్లకిలా ఉంచి పనికి వెళ్లింది. ఆ రోజు మాకు ఒంటిపూట బడి. పన్నెండున్నరకి వచ్చాను. ఆ వారమే బడిలో పరిశుభ్రత పాఠం అయింది. "మీ ఇళ్లలో చదువుకునేది మీరే, ఇల్లు బాగుచెయ్యాల్సిందీ మీరే" అని టీచరమ్మ అన్నారు. ఆ మాట నేను ఎంత బుద్ధిగా పట్టుకున్నానంటే, ఇంటికొచ్చి బూట్లు విప్పకముందే వంటగదిలో మురికి వెతకడం మొదలుపెట్టాను.

మూత తీశాను. లోపల చిన్న దిండంత మూట, జిగటగా, గోధుమరంగులోకి తిరిగి, తేలుతూ ఉంది. నేను ఆ వంటలో ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు. పెట్టనిచ్చేవాళ్లు కాదు. పిన్ని నా వేళ్లు పట్టుకుని, "ఇవి పుస్తకాల చేతులే, ఈ జిగట మాకొదిలెయ్" అనేది. అందుకని మూట ఎందుకో, తీగ మీద గుడ్డ దేనికి గుర్తో అప్పటికి నాకు తెలియదు. గింజలూ తుక్కూ పొరపాటున అందులో పడిపోయాయనుకున్నాను. హోటలు వాళ్లు చూస్తే ఎంత సిగ్గు అనుకున్నాను. తీసి, విప్పి, గింజలన్నీ చెత్తబుట్టలో వేసి, గుడ్డని సబ్బుపెట్టి మూడుసార్లు ఉతికి, తెల్లగా చేసి, తీసుకెళ్లి తీగ మీద ఆరేశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చెయ్యలేదు. తర్వాత మూత పెట్టి, చెంచా దాని మీద ఎలా ఉందో అలాగే ఉంచి, పక్కవీధిలో స్నేహితురాలి ఇంటికి లెక్కలు చేసుకోవడానికి వెళ్లాను.

రెండింటికి అమ్మ వచ్చింది. తీగ మీద గుడ్డ చూసింది. చెల్లి ఆగి మూట పిండి వెళ్లిందనుకుంది. పంచదార వేసింది. మరిగించింది. పళ్లెంలో చుక్క వేస్తే ముడత పడలేదు. ఇంకా మరిగించింది. రంగు నల్లబడింది కానీ ముడత పడలేదు. చల్లారితే గడ్డకడుతుందని ధైర్యం చెప్పుకుని సీసాలకి పట్టింది. సోమవారం హోటలు మేనేజరు ఒక సీసా ఒంచి చూసి, "దీన్ని తినాలా, తాగాలా?" అన్నాడు. అరవై సీసాలూ వెనక్కి వచ్చాయి.

ఆ సాయంత్రం మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. మూట సరిగ్గా పిండావా అని అమ్మ అడిగింది. నేను మూట ముట్టుకోలేదు, అది నీకే వదిలేశాను అంది పిన్ని. "మరి గుడ్డ తీగెక్కిందెలాగే? కాళ్లొచ్చాయా దానికి?" అంది అమ్మ. "నువ్వే పిండి, నువ్వే ఆరేసి, జాం చెడ్డాక నా నెత్తిన వేస్తున్నావా?" అంది పిన్ని. జాం పోయిందని కాదు వాళ్లు విడిపోయింది. అప్పటిదాకా ఆ ఇంట్లో గుర్తు అబద్ధం చెప్పలేదు. అక్క అబద్ధమాడుతోందని చెల్లీ, చెల్లి అబద్ధమాడుతోందని అక్కా నమ్మారు. నేను రేకుడబ్బా మీద కూర్చుని ఉన్నాను. పుస్తకాల చేతులు కనుక నన్ను ఎవరూ అడగలేదు. చెబితే బడి మాన్పిస్తారని భయం వేసింది. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపులోపలే పిన్ని మూడు వీధుల అవతల గది చూసుకుంది. వారంపాటు తీగ మీద ఎవరూ ముట్టుకోకుండా ఉన్న గుడ్డని నేనే తీసి దాచాను.

గింజల్లోని ఆ జిగటకి ఒక పేరుందని, అదే జాంని గడ్డకట్టిస్తుందని రెండేళ్ల తర్వాత కెమిస్ట్రీ క్లాసులో చెప్పారు. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. పూర్తి మార్కులు వచ్చాయి.

ఇప్పుడెందుకు చెబుతున్నానో కూడా రాయాలి. ఆసుపత్రిలో పొద్దున్న అమ్మ, మధ్యాహ్నం పిన్ని ఉండేవాళ్లు, ఒకరు వెళ్లాకే ఇంకొకరు వచ్చేవాళ్లు. నాలుగో రోజు పిన్ని వచ్చి, మందు గ్లాసు మీద బోర్లించి ఉన్న చెంచాని చూసి, "మాత్ర వేసేసిందిలే మీ అమ్మ" అని డబ్బా పక్కన పెట్టేసింది. నన్ను అడగను కూడా లేదు. పదకొండేళ్లుగా మాట నమ్మని మనిషి, గుర్తుని మాత్రం చూసిన వెంటనే నమ్మింది. పిన్ని పళ్లు కోస్తుంటే నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

8. హోటలు మేనేజరుకి

ఏమీ లేదు. ఆయన చెప్పింది నిజమే. అయినా ఇన్నేళ్లూ ఆయన్ని తిట్టుకున్నాను, మనసుకి హాయిగా ఉండేది. ఇక మీదట తిట్టను. ఎప్పటికైనా మా ఇంట్లో జాం మళ్లీ తయారైతే ఒక సీసా ఆయనకి పంపాలి. మూత తీసి, తలకిందులుగా పట్టుకుని, పది లెక్కపెట్టుకోమనాలి.

9. పరిశుభ్రత పాఠం చెప్పిన టీచరమ్మకి

నా రెండు నిఘంటువులు. ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు. ఆవిడ చెప్పకపోతే నేను ఈ కాగితం రాసేదాన్నే కాదు, రెండు విధాలుగానూ.

10. వార్డు ఆయాకి

నా నీలం ఫ్లాస్కు. ఆపరేషను రోజు అమ్మా, పిన్నీ ఒకే బెంచీ మీద, ఈ చివర ఒకరు ఆ చివర ఒకరు కూర్చున్నారట, మధ్యలో ఫ్లాస్కు పెట్టుకుని. "ఫ్లాస్కు, టీ కావాలా అడుగు" అని అమ్మ. "ఫ్లాస్కు, నేను తాగొచ్చానని చెప్పు" అని పిన్ని. గడ్డ నిమ్మకాయంత ఉందని డాక్టరు గారు బయటికొచ్చి చెబితే, పిన్ని ఫ్లాస్కు వైపు చూసి, "నయం, నారింజకాయంత లేదు" అందట. అమ్మ నవ్వబోయి దగ్గిందట. ఇదంతా ఆయా నాకు మర్నాడు చెప్పి, "వీళ్లు అక్కచెల్లెళ్లేనా తల్లీ? నాకైతే ఆ ఫ్లాస్కే పెద్దమనిషిలా కనిపించింది" అంది. అంత ఓపికగా మాటలు మోసిన ఫ్లాస్కు ఆమెకే చెందాలి.

అనుబంధం

ఫిబ్రవరి పదహారో తేదీ, ఆదివారం.

పై పది పేరాలనూ నిన్న, శనివారం మధ్యాహ్నం, మూడో పేరాలో చెప్పిన హద్దుల లోపల, అమ్మకీ పిన్నికీ నేను పైకి చదివి వినిపించాను. కాగితం ఒకటుంది, ఇద్దరూ వినాలి, రెండుసార్లు చదివే ఓపిక నాకు లేదు అని చెప్పి పిలిచాను. ఒంట్లో బాగోలేని దాన్ని కనుక కాదనలేకపోయారు. పిన్ని గుమ్మంలోనే కూర్చుంది, చెప్పులు విప్పలేదు. అమ్మ స్టవ్వు వైపు తిరిగి నిలబడింది. బుడంకాయ రేకుడబ్బా ఎక్కింది.

ఏడో పేరా అయ్యాక నేను తల ఎత్తలేదు. గుడ్డని ఒళ్లో పెట్టుకుని, కాగితం వంక చూస్తూ ఉన్నాను. ముందు అమ్మే మాట్లాడింది.

"సబ్బుపెట్టి ఉతికావా?"

అవునన్నాను.

"అదీ! అనుకుంటూనే ఉన్నాను," అంది అమ్మ. "ఆ రోజు తీగ మీద గుడ్డ మెరిసిపోతోంది. ఇది ఏనాడైనా అంత తెల్లగా ఉతికిందా? అప్పుడే అనుమానం రావాల్సింది నాకు."

"ఏంటక్కా," అంది పిన్ని గుమ్మంలోంచి లేస్తూ, "లాండ్రీలో చేసేదాన్ని పట్టుకుని తెల్లగా ఉతకనంటావా?"

అని ఆగిపోయింది. అమ్మ స్టవ్వు వైపు నుంచి ఇటు తిరిగింది. అక్కా అన్న పిలుపు ఆ గదిలో వినపడి పదకొండేళ్లయింది. బుడంకాయ డబ్బా మీంచి, "అమ్మా, పెద్దమ్మతో మాట్లాడావు!" అని అరిచింది, దొంగని పట్టుకున్నంత సంబరంగా. "మాట్లాడితే ఏం, పోట్లాడుతున్నాను కదా" అంది పిన్ని. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, చెప్పులు విప్పి లోపలికి వచ్చింది.

అప్పుడే ఎందుకు చెప్పలేదని అమ్మ నన్ను అడిగింది. బడి మాన్పిస్తావని అన్నాను. మాన్పించేదాన్ని కాదులే అంటుందనుకున్నాను. అమ్మ మాత్రం, "మాన్పించేదాన్నేమో" అంది. "నేనెందుకు ఊరుకుంటాను?" అంది పిన్ని. దాని మీద మళ్లీ ఒక పోట్లాట అయింది. నేను మధ్యలో కూర్చుని, వాళ్ల మాటలు ఒకరి నుంచి ఒకరికి నేరుగా వెళుతుంటే వింటున్నాను. ఇన్నేళ్లూ "మీ అమ్మతో చెప్పు", "మీ పిన్నినే అడుగు" అని మోసిన దాన్ని. మొదటిసారి నా చేత ఎవరూ ఏమీ మోయించలేదు. ఆసుపత్రిలో గడ్డ తీశాక కూడా ఒళ్లు ఇంత తేలిగ్గా లేదు.

నాకు శిక్ష కూడా పడింది. పిన్ని బజారుకి వెళ్లి ఐదు కిలోల పుల్ల నారింజలూ, ఇంటికి వెళ్లి తెడ్డూ తెచ్చింది. తెడ్డు గంజివాసన కొడుతుంటే అమ్మ వేడినీళ్లతో మూడుసార్లు కడిగింది. తొక్కలన్నీ నేనే తరగాలన్నారు. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయన్నాను. "చేతులకి పడలేదుగా" అంది పిన్ని. పుస్తకాల చేతులతో మొదటిసారి తరిగాను. ఒక పిడికెడు ఎత్తి చూసి, "ఇవి తొక్కలా, కట్టెలా?" అంది అమ్మ. అయినా పారెయ్యలేదు, గుండిగలో వేసింది. గింజలు ఎవరూ చెప్పకుండానే గుడ్డలో వేశాను. ముడి మాత్రం పిన్ని వేసింది.

ఈరోజు పొద్దున్న మూట చల్లారేదాకా ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం. గుర్తులు పెట్టుకోవాల్సిన అవసరం లేకపోయింది. ఒకవైపు అమ్మ, ఒకవైపు పిన్ని పట్టుకుని మూట పిండారు. పళ్లెంలో వేసిన మూడో చుక్కకి ముడత పడింది.

కాబట్టి కింది మార్పులు చేస్తున్నాను.

ఐదో పేరా కొట్టివేశాను. పన్నెండు సీసాలూ నిండి కిటికీలో ఉన్నాయి. తూకం తనకొద్దని అమ్మ నా ముందే చెప్పింది.

ఆరో పేరా కొట్టివేశాను. "నువ్వు పోయేదాకా ఆగితే నా కాళ్లు ఆగొద్దూ?" అని పిన్ని రబ్బరు పట్ట నిన్ననే చుట్టి సంచిలో పెట్టుకుంది.

ఏడో పేరాలో చరిత్రని ఉంచి, ఇస్తున్నాను అన్న మాటని కొట్టివేశాను. గుడ్డ నా ఆస్తి కాదు. నేను దాచిపెట్టిన వాళ్ల వస్తువు. వాళ్లకి చేరింది.

అంటే ఈ వీలునామా వల్ల అమ్మకి గానీ, పిన్నికి గానీ ఇప్పుడు వచ్చేది ఏమీ లేదు. కనుక రెండో పేరాలోని నియమం ప్రకారం వాళ్లిద్దరూ దీనికి సాక్షులుగా ఉండవచ్చు. ప్లీడరు గారికి ఫోను చేసి అడిగాను. సంతకం రాకపోతే ఏ గుర్తు పెట్టినా చెల్లుతుంది, అది తమదేనని ఒప్పుకుంటే చాలు అన్నారు. మేడమీది నర్సుకీ, పెద్ద గుమాస్తా గారికీ సాక్ష్యం బాధ్యత తప్పింది కనుక, నర్సుకి నా పూలకుండీలు, గుమాస్తా గారికి నా ఎర్రసిరా పెన్ను, ఒక సీసా నారింజ జాం. సీసా కోసం ఆయన నా తదనంతరం దాకా ఆగనక్కరలేదు, రేపే తీసుకెళతాను. ఈ కాగితంలో తప్పులుంటే దిద్దవచ్చు.

కొట్టివేతలు మూడు. దిద్దుబాట్లు లేవు. చివరి పేజీ అంచున ఉన్న మరక దిద్దుబాటు కాదు, నారింజ జాం. ఎవరి వేలిదో తేలలేదు, ఇద్దరూ నీదంటే నీదని వాదించుకుంటున్నారు.

ఫిబ్రవరి పదహారు, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట.

వీలునామా రాసిన మనిషి సంతకం: పెట్టాను.

సాక్షులు, ఒకరి ఎదుట ఒకరు, ఒకే బల్ల మీద, ఒకే పెన్నుతో:

ఒకటి. అమ్మ. గుర్తు: బోర్లించిన చెంచా.

రెండు. పిన్ని. గుర్తు: తీగ మీద గుడ్డ.